ఇంగ్లండ్ పల్లె బాల్యస్మృతులు: 'లార్క్ రైజ్', 'సైడర్ విత్ రోజీ' రచనలలో కథనస్వరం – సామాజిక సాక్ష్యం

వ్యాససంగ్రహం:

ఇంగ్లండ్ గ్రామీణ బాల్యాన్ని చిత్రించిన రచనలలో ఫ్లోరా థాంప్సన్ 'లార్క్ రైజ్' (1939), లారీ లీ 'సైడర్ విత్ రోజీ' (1959) బహుళ ప్రచారం పొందినవి. మొదటిదాన్ని సామాజిక చరిత్రకు ఆధారంగానూ, రెండవదాన్ని కవితాత్మక గద్యంగానూ చదవడం పరిపాటి. ఈ విభజన రెండు రచనలకూ న్యాయం చేయదు. బాల్యస్మృతి ఏ విషయాలకు సాక్ష్యం పలకగలదు, ఏ విషయాల దగ్గర మౌనం వహిస్తుంది అన్నది ఆ రచన ఎన్నుకున్న కథనస్వరంపై ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జీవనోపాధి, ఆడపిల్లల చాకిరీ, వృద్ధాప్యం, గ్రామజీవితపు అంతం అనే నాలుగు అంశాల ఆధారంగా రెండు రచనలనూ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బాల్యస్మృతి, ఆత్మకథ, కథనస్వరం, గ్రామీణ ఇంగ్లండ్, ఫ్లోరా థాంప్సన్, లారీ లీ, గతకాలపు బెంగ, శ్రమ.

1. ఉపోద్ఘాతం:

బాల్యస్మృతి రచనలో ఎప్పుడూ ఇద్దరు ఉంటారు. ఒకరు ఆనాడు చూసిన పిల్లవాడు లేదా పిల్ల. మరొకరు చాలా ఏళ్ల తరువాత, సాధారణంగా ఊరు విడిచిపెట్టిన తరువాత, దాన్ని రాస్తున్న పెద్దమనిషి. పిల్లలకు ఆకలి తెలుస్తుంది గాని కూలి రేటు తెలియదు. తాత కనిపించకుండా పోవడం తెలుస్తుంది గాని ఆయనను తీసుకుపోయిన చట్టం తెలియదు. ఈ రెండు తెలివిడుల మధ్య దూరాన్ని రచయిత ఎలా నిర్వహించారన్నది ఈ ప్రక్రియలో ముఖ్యమైన విమర్శ ప్రశ్న.

ఇంగ్లండ్ పల్లె విషయంలో ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం ఉంది. పారిశ్రామిక విప్లవం తరువాత ఆ దేశ జనాభా వేగంగా పట్టణాలకు తరలింది. 1851 జనగణన నాటికే పట్టణవాసుల సంఖ్య గ్రామవాసుల సంఖ్యను మించింది. పల్లె జీవితం అధిక సంఖ్యాకుల అనుభవం కాకుండా పోయేకొద్దీ పల్లె జ్ఞాపకానికి పాఠకులు పెరిగారు. ఆ పాఠకులు కోరుకున్నది పచ్చదనం, ప్రశాంతత. పల్లెలో పుట్టి పెరిగినవారి జ్ఞాపకంలో అవి ఉన్నాయి, వాటితోపాటు అప్పు, ఆకలి, అవమానం కూడా ఉన్నాయి. ఈ రెండో భాగం ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. రెండు పల్లెలు, ఇద్దరు రచయితలు:

ఫ్లోరా థాంప్సన్ 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ ఈశాన్య సరిహద్దులోని జూనిపర్ హిల్ అనే చిన్న శివారు పల్లెలో జన్మించారు. రచనలో దాని పేరు లార్క్ రైజ్. సుమారు ముప్పై ఇళ్లు, ఒక సారాయి సత్రం ఉన్న ఊరు అది. బడి, చర్చి ఉన్న ప్రధాన గ్రామానికి పిల్లలు నడిచి వెళ్లేవారు. తండ్రి రాతిపని చేసే మేస్త్రీ, తల్లి పెళ్లికి ముందు ఒక ఇంట్లో పిల్లల ఆయాగా పనిచేసింది. ఫ్లోరా పద్నాలుగేళ్ల వయసులో ఫ్రింగ్‌ఫర్డ్ గ్రామ తపాలా కార్యాలయంలో సహాయకురాలిగా చేరి ఊరు విడిచారు. 'లార్క్ రైజ్' వెలువడేనాటికి ఆమె వయసు అరవై దాటింది. దీని తరువాత 1941లో, 1943లో వచ్చిన రెండు సంపుటాలతో కలిపి 1945లో 'లార్క్ రైజ్ టు కాండిల్‌ఫర్డ్' పేరుతో మూడూ ఒకే గ్రంథంగా వచ్చాయి.

లారీ లీ 1914లో గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ పట్టణంలో జన్మించారు. మొదటి ప్రపంచయుద్ధం ముగియకముందే వారి కుటుంబం సమీపంలోని స్లాడ్ గ్రామానికి వచ్చింది. మూడేళ్ల పిల్లవాణ్ణి సామాన్ల బండి మీది నుంచి దింపి, తనకంటే ఎత్తయిన గడ్డిలో నిలబెట్టిన దృశ్యంతో 'సైడర్ విత్ రోజీ' ప్రారంభమవుతుంది. తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్లాడు. తల్లి ఆనీ తన పిల్లలతోపాటు భర్త మొదటి భార్య సంతానాన్ని కూడా పెంచింది. లీ యువకుడిగా ఊరు విడిచి, నలభై అయిదో ఏట ఈ గ్రంథాన్ని ప్రచురించారు. 1997లో మరణించిన తరువాత ఆయనను స్లాడ్ చర్చి ఆవరణలోనే ఖననం చేశారు.

ఈ రెండు బాల్యాల మధ్య సుమారు నాలుగు దశాబ్దాల ఎడం ఉంది. లార్క్ రైజ్ 1880ల నాటి చదునైన వరి లేని ధాన్యపు పొలాల ఊరు. స్లాడ్ 1920ల నాటి లోయ, ఉన్ని బట్టల మిల్లులకు పేరుపడిన పట్టణానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు.

3. 'లారా', 'నేను', 'మేము':

ఫ్లోరా థాంప్సన్ తన బాల్యాన్ని 'నేను' అని చెప్పలేదు. తనకు లారా అనీ, తమ్ముడు ఎడ్విన్‌కు ఎడ్మండ్ అనీ పేర్లు పెట్టి ప్రథమపురుషలో రాశారు. చాలా అధ్యాయాల్లో లారా కూడా వెనక్కి తగ్గి, ఊరి ఆడవాళ్లు, ఊరి మగవాళ్లు, ఊరి పిల్లలు అనే సమూహాలే ముందుకు వస్తాయి. లారా కుటుంబం ఉండేది ఊరి చివరి ఇంట్లో. తండ్రి వ్యవసాయ కూలీ కాదు, చేతిపని తెలిసినవాడు. అందువల్ల ఆ పిల్ల ఊరిలోనే ఉంటూ ఊరికి అరడుగు ఎడంగా నిలబడింది. ప్రథమపురుష కథనం ఆ అరడుగు ఎడాన్ని రచనాపద్ధతిగా మార్చింది. పిల్ల చూసిన దృశ్యం పక్కనే, పెద్దయిన కథకురాలు దాని ఖర్చును, కారణాన్ని, ఇరవై ఏళ్ల తరువాతి పరిణామాన్ని చేర్చగలిగింది.

లీ స్వరం దీనికి భిన్నం. 'సైడర్ విత్ రోజీ'లోని 'నేను' ముందుగా ఒక శరీరం. గడ్డి ఎత్తు, వంటింటి వెచ్చదనం, జ్వరం, తల్లి పక్కలోని నిద్ర ఆ శరీరానికి తెలిసిన సంగతులు. కాలక్రమం కంటే అంశాల వారీగా అధ్యాయాలు నడుస్తాయి. కొన్ని విషయాలు కాలగతిలో మారిపోయి ఉండవచ్చునని రచయిత గ్రంథారంభంలోనే పాఠకులను హెచ్చరించారు.

ఈ 'నేను' తరచుగా 'మేము'గా మారుతుంది. వలసదేశం నుంచి డబ్బు సంపాదించుకుని వచ్చి సత్రంలో గొప్పలు చెప్పుకున్న ఒక వ్యక్తిని ఊరి కుర్రవాళ్లు మంచు రాత్రి కొట్టి చంపిన ఉదంతం ఇందుకు నిదర్శనం. చేసిందెవరో ఊరంతటికీ తెలుసు. పోలీసులకు మాత్రం ఎవరూ చెప్పరు. కథకుడు ఆ మౌనాన్ని ఖండించడు, వివరించడు, అందులో భాగస్వామిగా ఉంటాడు. లారా ఊరికి సాక్షి. లీ కథకుడు ఊరికి సాక్షి మాత్రమే కాదు, దాని రహస్యాలలో వాటాదారు కూడా. ఊరి లోపలి నీతిని లోపలి నుంచే చూపగలగడం ఈ స్వరానికి ఉన్న బలం. ఆ నీతికి ఎవరు మూల్యం చెల్లించారో అడగలేకపోవడం దాని పరిమితి.

4. జీవనోపాధి: జీతం, పంది, పరిగె:

'లార్క్ రైజ్'లో వ్యవసాయ కూలీ వారపు జీతం పది షిల్లింగులు, అంటే అర పౌను. రచన మొత్తాన్ని ఈ అంకె పట్టి ఉంచుతుంది. ఇంటి అద్దె, బూట్లు, రొట్టె, పిల్లల సంఖ్య అన్నీ దీనితోనే కొలవబడతాయి. ఇంటి వెనుక దొడ్లో పెంచే పంది ప్రసక్తి ఇందుకు మంచి ఉదాహరణ. ఆదివారాల్లో ఇరుగుపొరుగులు వచ్చి పందిని చూసి మెచ్చుకోవడం, పిల్లలు బడి నుంచి వస్తూ దానికోసం నత్తలు, ఆకులు ఏరుకురావడం చదవడానికి ముచ్చటైన దృశ్యాలు. అయితే ఆ పందికి మేత కొనే స్తోమత లేక, పిండి వ్యాపారి దగ్గర అరువు తెచ్చి, కోసిన తరువాత మాంసంలో వాటా ఇచ్చేవారు. తరచుగా సగం పంది ముందే తాకట్టులో ఉండేది. ముచ్చటైన దృశ్యాన్నీ అప్పు లెక్కనూ ఒకే చోట చెప్పడం థాంప్సన్ పద్ధతి.

కోతల తరువాత పొలంలో పరిగె ఏరడం కూడా ఇలాంటిదే. తల్లులూ పిల్లలూ తెల్లవారుజామున పొలానికి పోయి, వరుసలుగా వంగి రాలిన వెన్నులు ఏరి, మూటలు కట్టి ఇంటికి తెచ్చేవారు. పిల్లలకు అది ఎండ, ఆట, నడుంనొప్పి. ఇంటికి అది శీతకాలపు పిండి. ఇక్కడ బాల్యం పనినుంచి వేరుపడిన కాలం కాదు. ఆటకూ పనికీ మధ్య గీత లేదు.

లీ రచనలో లేమి లేదని చెప్పడం సరికాదు. తండ్రి పంపే కొద్దిపాటి డబ్బుతో పెద్ద కుటుంబం గడవాలి, బాకీలు పేరుకుపోతుంటాయి. కాని అక్కడ లేమి అంకెగా కనిపించదు. వంటింటి కోలాహలంగా, భోజనం బల్ల దగ్గర పిల్లల తొందరగా, పొయ్యి ఆరిపోతుందన్న భయంగా కనిపిస్తుంది. పాఠకుడికి ఆకలి తీవ్రత అందుతుంది, దాని మూలం అందదు. పేదరికం ఒక వాతావరణంలా ఇంటిని ఆవరించి ఉంటుంది తప్ప, ఎవరో నిర్ణయించిన కూలి రేటులా కనిపించదు.

5. ఆడపిల్లల చాకిరీ: ఒక ఊరి ఆచారం, ఒక తల్లి స్వభావం:

రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు స్పష్టమయ్యే ముఖ్యాంశం ఇది. లార్క్ రైజ్‌లో పన్నెండు, పదమూడేళ్లు దాటిన ఆడపిల్ల శాశ్వతంగా ఇంట్లో ఉండేది కాదు. మొదట దగ్గరలోని ఒక చిన్న ఇంట్లో ఏడాదిపాటు స్వల్ప జీతానికి పని నేర్చుకుని, ఆ తరువాత దూరంలోని పెద్ద భవంతులకు దాసిగా వెళ్లేది. సంపాదనలో కొంత ఇంటికి పంపేది. థాంప్సన్ దీన్ని ఒక అమ్మాయి కథగా కాక, ఊరి ఆర్థిక నిర్మాణంలో భాగంగా చెప్పారు. ఇల్లు ఇరుకు, జీతం పది షిల్లింగులు, తమ్ముళ్లకు తిండి కావాలి. కనుక ఆడపిల్ల వెళ్లాలి.

లారీ లీ తల్లి ఆనీ దాదాపు ఫ్లోరా తరానికే చెందినది. చదువులో చురుకైన పిల్ల అని బడిలో పేరు తెచ్చుకుంది. తల్లి జబ్బుపడడంతో పదమూడేళ్ల ప్రాయంలో బడి మానిపించి తమ్ముళ్ల ఆలనాపాలనా అప్పగించారు. తరువాత ఆమె సంపన్నుల భవంతులలో దాసిగా పనిచేసింది. ఆ భవంతుల మర్యాదలు, పింగాణీ, పూలు, కవిత్వంపై ఆమెకు ఏర్పడిన మమకారాన్ని లీ అపురూపంగా చిత్రించారు. పగిలిన పింగాణీ పాత్రలు సేకరించడం, బస్సు బయలుదేరే వేళకు ఇంకా సిద్ధం కాకపోవడం, బాకీల మధ్య పూలమొక్కలు పెంచడం ఆమె విలక్షణ స్వభావంగా పాఠకుడి మనసులో నిలిచిపోతాయి.

థాంప్సన్ ఒక సమూహానికి విధిగా చెప్పినదాన్నే లీ ఒక వ్యక్తి స్వభావంగా చెప్పారు. మరో మాటలో, లార్క్ రైజ్ నుంచి దాసిగా వెళ్లిన అనేకమంది పిల్లలలో ఒకతె నలభయ్యేళ్ల తరువాత ఎలా ఉండి ఉంటుందో తెలుసుకోవాలంటే ఆనీని చూడాలి. ఆనీ ఎందుకు అలా అయిందో తెలుసుకోవాలంటే లార్క్ రైజ్‌కు వెళ్లాలి. పగిలిన పింగాణీపై ఆమె మోజు ఒక వింత అలవాటు మాత్రమే కాదు. తనది కాని ఇంట్లో, తనవి కాని వస్తువులను ఏళ్ల తరబడి తుడిచిన చేతుల జ్ఞాపకం అది. లీ రచన ఈ అర్థానికి కావలసిన వివరాలన్నీ ఇస్తుంది, అర్థాన్ని మాత్రం పాఠకుడికి వదిలేస్తుంది. ఒకే చారిత్రక వాస్తవానికి ఒక రచన కారణాన్నీ, మరొకటి ఫలితాన్నీ చూపిస్తున్నాయి. రెంటినీ వేరువేరుగా చదివితే ఈ సంబంధం కనిపించదు.

6. వృద్ధాప్యం: పిల్లలు చూసిన వర్క్‌హౌస్:

1834 నాటి పేదల చట్టం తరువాత నిరుపేదలకు ఆశ్రయం పేరుతో వర్క్‌హౌస్‌లు విస్తరించాయి. అక్కడ భార్యాభర్తలను వేరువేరు విభాగాలలో ఉంచేవారు. ఆ పేరు వింటేనే పల్లె పేదలకు భయం, అవమానం. ఈ రెండు బాల్యస్మృతులలోనూ ఒక వర్క్‌హౌస్ ఘట్టం ఉండడం గమనార్హం.

'లార్క్ రైజ్'లో ఒంటరిగా జీవించే మాజీ సైనికుడిని ఊరివాళ్లు మేజర్ అని పిలుస్తారు. జబ్బుపడిన అతణ్ణి ఎక్కడికి తీసుకుపోతున్నారో చెప్పకుండా బండి ఎక్కిస్తారు. గమ్యం తెలిసిన క్షణంలో ఆ వృద్ధ సైనికుడు పసిపిల్లవాడిలా ఏడుస్తాడు, కొద్ది వారాలకే మరణిస్తాడు. 'సైడర్ విత్ రోజీ'లో అర్ధశతాబ్దం కలిసి జీవించిన జోసెఫ్, హన్నా బ్రౌన్ దంపతులు బలహీనపడతారు. వారి మేలు కోరినవారే వారిని వర్క్‌హౌస్‌కు చేరుస్తారు. అక్కడ విడదీయబడిన ఆ ఇద్దరూ కొద్ది రోజుల్లోనే కన్నుమూస్తారు. లోయలో వారి ఇల్లు పాడుబడిపోతుంది.

ఈ ఘట్టం లీని గతకాలపు బెంగ రచయితగా కొట్టిపారేసేవారికి సమాధానం. దయ పేరుతో జరిగిన క్రౌర్యాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన పుటలు ఈ ప్రక్రియలో అరుదు. కాని లీ అక్కడే ఆగుతారు. థాంప్సన్ మరొక అడుగు వేస్తారు. ఊరి వృద్ధుల ప్రస్తావనలో, ఏళ్ల తరువాత వచ్చిన వృద్ధాప్య పింఛను వారి జీవితాన్ని ఎలా మార్చిందో చెబుతారు. 1908 చట్టం ప్రకారం 1909 జనవరి నుంచి డెబ్బై ఏళ్లు నిండిన పేదలకు వారానికి గరిష్ఠంగా అయిదు షిల్లింగులు తపాలా కార్యాలయాల ద్వారా అందాయి. ఆ డబ్బు చేతికిచ్చిన ఉద్యోగినికి వృద్ధులు కృతజ్ఞతతో తమ తోటలోని పూలూ పండ్లూ తెచ్చి ఇచ్చేవారని ఆమె గుర్తుచేసుకున్నారు. తపాలా పనిలో గడిపిన రచయిత్రికి ఇది కౌంటరు ఇవతలి నుంచి తెలిసిన సంగతి. లీ రచనలో వృద్ధాప్యపు దుఃఖం విధిలా కనిపిస్తే, థాంప్సన్ రచనలో అది ఒక చట్టంతో మారగలిగినదిగా కనిపిస్తుంది.

7. 'చివరి తరం' భావన:

ప్రతి తరం తనకు కాస్త ముందు కాలంలోనే అసలైన పల్లె ఉండేదని భావిస్తుందనీ, ఆ ముందు కాలపు రచనలను తెరిస్తే అవీ ఇంకా వెనక్కి చూపుతాయనీ రేమండ్ విలియమ్స్ 'ది కంట్రీ అండ్ ది సిటీ' (1973) గ్రంథంలో వివరించారు. దీన్ని ఆయన కదిలే మెట్లతో పోల్చారు. స్వయంగా వేల్స్ సరిహద్దు పల్లెలో రైల్వే సిగ్నల్‌మన్ కుమారుడిగా పెరిగినందువల్ల ఈ ప్రశ్న ఆయనకు పుస్తకాల ప్రశ్న మాత్రమే కాదు.

ఈ రెండు రచనలూ ఆ మెట్ల మీదనే ఉన్నాయి. లీ చివరి అధ్యాయంలో గుర్రం వేగంతో నడిచిన వేయేళ్ల జీవితం మోటారు వాహనం రాకతో తన కళ్లముందే ముగిసిందని భావిస్తారు. భూస్వామి మరణంతో పాత కట్టుబాటు సడలుతుంది. థాంప్సన్ అంతకు నలభయ్యేళ్ల ముందే పాత పల్లె అవశేషాలను మాత్రమే చూశానంటారు. లార్క్ రైజ్‌లోని ముసలి సాలీ ఇంకా వెనక్కి, ఊరి చుట్టూ ఉమ్మడి బంజరు ఉన్న రోజులకు, ఆవూ బాతులూ మేపుకున్న రోజులకు వెళుతుంది.

తేడా ఎక్కడంటే, సాలీ జ్ఞాపకానికి ఒక భౌతిక కారణం ఉంది. ఉమ్మడి భూములకు కంచెలు వేసి వ్యక్తుల పరం చేసిన ప్రక్రియ ఆ ఊరి స్వతంత్ర రైతును పది షిల్లింగుల కూలీగా మార్చింది. చేతి లేసు అల్లే క్వీనీ ముసలమ్మ పని యంత్రపు లేసు రాకతో పోయింది. పోయినది ఏమిటో, ఎందుకు పోయిందో థాంప్సన్ విడివిడిగా చెప్పగలిగారు. 'లార్క్ రైజ్' ముగింపు కూడా ఇందుకు తగినట్లే ఉంది. కోతల పండుగ సంబరం తరువాత ఆ పల్లె నుంచి ప్రపంచయుద్ధంలో మరణించిన పదకొండు మంది పేర్లు చెక్కిన చర్చి ఫలకం కనిపిస్తుంది. రెండు వరుసల కింద ఒంటరిగా ఉన్న పేరు ఎడ్మండ్‌ది. రచయిత్రి తమ్ముడు ఎడ్విన్ 1916లో యుద్ధంలో మరణించాడు. ముప్పై ఇళ్ల ఊరికి పదకొండు పేర్లు అన్న లెక్కతో ముగిసే రచనను తీపి జ్ఞాపకంగా చదవడం కష్టం.

అయినా అలా చదవబడింది. 1945 సంపుటికి హెచ్. జె. మాసింగ్‌హామ్ రాసిన పీఠిక దాన్ని నశించిన రైతు సంస్కృతికి స్మృతిగీతంగా నిలబెట్టింది. 2008–2011 మధ్య బీబీసీ ప్రసారం చేసిన ధారావాహికలో ఆహ్లాదమే ప్రధానమైంది. కనుక గతకాలపు బెంగ రచనలోనే ఉంటుందనుకోవడం పొరపాటు. పీఠికలూ ప్రసారాలూ పాఠకుల కోరికలూ దాన్ని బయటి నుంచి కూడా చేర్చగలవు.

8. రెండు మౌనాలు:

లీ గ్రంథంలో ఊరి అబ్బాయిలు కొందరు లిజ్జీ బర్క్‌లీ అనే అమాయకురాలిపై అడవిలో సామూహికంగా అత్యాచారం చేయాలని పథకం వేసిన ఉదంతం ఉంది. ఆమె ఎదురుపడినప్పుడు ధైర్యం చాలక వారు చెదిరిపోతారు. కథకుడు దీన్ని హాస్యధోరణిలో చెబుతాడు. ఊరు తన తప్పులను తానే సర్దుకునేదన్న భావం కూడా అక్కడ వినిపిస్తుంది. ఆ రోజు అడవిదారిలో లిజ్జీ అనుభవించినది మాత్రం రచనలో లేదు. 'మేము' అనే స్వరంలో ఆమెకు చోటు లేదు. ఈ ఘట్టాన్ని కాలధర్మంగా సమర్థించడం కంటే, ఆ స్వరానికి ఉన్న హద్దుగా గుర్తించడం విమర్శకు ఉపకరిస్తుంది.

థాంప్సన్ మౌనం మరో రకం. హింస, లైంగికత ఆమె రచనలో అంచుల్లోనే ఉండిపోతాయి. ఊరి ఆడవాళ్ల మర్యాద, ఓర్పు ముందుకు వస్తాయి. జనగణన వంటి అధికారిక పత్రాలతో రచనను సరిపోల్చిన చరిత్రకారులు కొన్ని తేడాలను కూడా గుర్తించారు. అంకెలు చెప్పే రచన కాబట్టి అంతా నమోదు చేసిందనుకోవడం సరికాదు. వారపు జీతం తెలిసినంత వివరంగా ఆ ఇళ్ల లోపలి కలహం పాఠకుడికి తెలియదు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. 'లార్క్ రైజ్' పత్రం, 'సైడర్ విత్ రోజీ' కావ్యం అన్న విభజన నిలవదు. మొదటిది కల్పిత నామాలతో నిర్మించిన కథనం. రెండవదానిలో హత్య, వర్క్‌హౌస్, విడిచిపెట్టబడిన తల్లి వంటి కఠిన వాస్తవాలు ఉన్నాయి.

2. ప్రథమపురుష స్వరం థాంప్సన్‌కు కారణాలను చెప్పే వీలు కల్పించింది. 'నేను, మేము' అనే స్వరం లీకి అనుభవపు తీవ్రతనూ ఊరి లోపలి నీతినీ చూపే వీలు కల్పించింది. ప్రతి స్వరమూ తన సాక్ష్యంతోపాటు తన మౌనాన్నీ తెచ్చుకుంది.

3. దాసిగా వెళ్లిన ఆడపిల్ల విషయంలో ఈ రెండు రచనలు ఒకదానికొకటి పూరకాలు. ఆనీ స్వభావచిత్రణను లార్క్ రైజ్ ఆర్థిక నేపథ్యంలో చదివినప్పుడే ఆమె జీవితానికి పూర్తి అర్థం ఏర్పడుతుంది.

4. గతకాలపు బెంగ ఉన్నంత మాత్రాన స్మృతి అబద్ధం కాదు. పోయినదాని పేరు చెప్పి, పోవడానికి కారణం కూడా చెప్పినప్పుడు ఆ బెంగే చరిత్రకు ఆధారమవుతుంది.

తెలుగులో పల్లె బాల్యస్మృతులపై పరిశోధన చేసేవారికి కూడా ఈ పఠనపద్ధతి ఉపయోగపడుతుంది. జ్ఞాపకం ఎవరి స్వరంలో ఉంది, ఆ ఇంటి తిండి ఎవరి పనివల్ల వచ్చింది, ఆ స్వరంలో చోటు దొరకనివారు ఎవరు అన్న మూడు ప్రశ్నలు ఏ ఊరి బాల్యానికైనా వేయదగినవి. జోసెఫ్, హన్నాల ఇల్లు పాడుబడిపోయింది. క్వీనీ లేసు దిండు మూలన పడింది. వాటిని చూసిన పిల్లలు పెద్దవారై రాయకపోతే ఆ జీవితాలు అధికారిక పత్రాలలో పేర్లుగా మాత్రమే మిగిలేవి. ఆ రాతను ఎంత గౌరవిస్తామో అంత జాగ్రత్తగా ప్రశ్నించడం కూడా విమర్శ బాధ్యత.